స్కానింగ్ తీసేయమన్నదెవరు

పోయిన వారం మనం వదిలిపెట్టేసరికి నిస్సీ తిరుపతిలోని తమ గోడౌన్ గుమ్మంలో నిలబడి, మందుల కంపెనీ నుంచి వచ్చిన మెయిల్‌ను రెండోసారి చదువుతోంది. పిల్లల జ్వరం సిరప్‌లో ఒక బ్యాచ్ మీద అనుమానం వచ్చింది, అమ్మకం వెంటనే ఆపి, అంగళ్లకు పంపిన బాటిళ్లన్నీ వెనక్కి తెప్పించండి అని అందులో ఉంది. ఆ మందు తాగిన పిల్లలకు వాంతులైనా, మూత్రం తగ్గినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలని కింద ఇంకో వాక్యం ఉంది. బ్యాచ్ నంబరులో చివరి మూడంకెలు నాలుగు, ఒకటి, ఏడు.

మెయిల్ చదివి నిస్సీ భయపడింది గానీ కంగారు పడలేదు. ఇలాంటి రోజు కోసమే కదా ఆమె ఇంటా బయటా పోట్లాడి కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టించింది.

ఆ పోట్లాట కథ పాత పాఠకులకు తెలుసు. కృపామణి ఏజెన్సీస్ అంటే తిరుపతి నుంచి చిత్తూరు, బంగారుపాళ్యం, పుత్తూరు దాకా మందుల అంగళ్లకు సరుకు వేసే సంస్థ. నిస్సీ తండ్రి ప్రేమానందం తన భార్య పేరు మీద పెట్టిన వ్యాపారం. ఫార్మసీ చదివిన నిస్సీ లెక్కలు చేతికి తీసుకున్నాక సాఫ్ట్‌వేర్ కోసం ముగ్గురిని పిలిపించింది. బెంగళూరు వాళ్లు వచ్చి, మా సాఫ్ట్‌వేర్ మారదు, మీ పద్ధతే మార్చుకోవాలి అన్నారు. చెన్నై వాళ్లు ప్రతి మార్పుకూ వేరే రేటు చెప్పారు. మూడో మనిషి సంపత్కుమార్. తిరుపతి వాడే, తరతరాలుగా గుడి కైంకర్యంలో ఉన్న వైష్ణవుల ఇంట పుట్టి, కంప్యూటర్ల వైపు వచ్చినవాడు. ఆయన ఏది అడిగినా తల ఊపి, “సరే మేడమ్, చేసేద్దాం” అన్నాడు. ఆ మాట నచ్చే నిస్సీ ఆయనను ఎంచుకుంది.

ఎవరు ఎన్ని మార్పులు అడిగినా ఆమె పట్టుబట్టింది మాత్రం ఒక్క విషయం మీదే. గోడౌన్ నుంచి ఏ బాక్సు బయటికి పోయినా దాని మీది బార్‌కోడ్ గీతలను స్కానర్‌తో చదివించాలి. బిల్లులో ఒక బ్యాచ్ ఉండి చేతిలో ఇంకో బ్యాచ్ బాక్సు ఉంటే మిషన్ మోగాలి. అలా అయితేనే ఏ బాటిల్ ఏ అంగడికి పోయిందో తెలుస్తుంది.

కాబట్టి మెయిల్ చదివిన నిస్సీ తన గదిలోకి పోయి, కంప్యూటర్‌లో బ్యాచ్ నంబరు కొట్టింది. అంగళ్ల పేర్లు వరుసగా వచ్చాయి. ఎక్కువ భాగం బంగారుపాళ్యం చుట్టుపక్కలవే. ఆ లైన్ చూసే సేల్స్‌మన్ పాల్ అప్పటికే ఆ రోడ్డు మీదే ఉన్నాడు. ఆమె అతనికి ఫోన్ చేసి చెప్పి, కుర్చీలో వెనక్కి వాలి, ఈ ఒక్క రోజుతో పెట్టిన డబ్బంతా వచ్చేసినట్టే అనుకుంది.

ఆ తృప్తి పాల్ తిరిగి ఫోన్ చేసేదాకానే.

“అక్కా, ఈడ ఆ బ్యాచ్ లేదు.”

“సరిగ్గా చూసినావా?”

“సూసినా. రెండంగళ్లు తిరిగినా. రెండిట్లోనూ ఉండేది నాలుగొందల పన్నెండు. ఒకాయనైతే నా మీద గసురుకుంటా ఉండాడు. బిల్లులో ఒకటి రాసి ఇంకొకటి ఇస్తారా, నేను మనిషినా గొడ్డునా అని.”

“మూడో అంగడికి కూడా పో.”

మూడో అంగడిలో ఉన్నది నాలుగు వందల పంతొమ్మిది. అంటే స్క్రీన్ మీద ఉన్న ఊళ్లూ, పేర్లూ, తేదీలూ అన్నీ చక్కగా అచ్చుగుద్దినట్టున్నా ఒక్కటీ నిజం కాదు. అసలు బాటిళ్లు ఎక్కడో ఉన్నాయి. ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు.

నిస్సీ విసురుగా లేచి గోడౌన్‌లోకి పోయింది. అక్కడ మునిచంద్ర డెలివరీ ఆటోకు అట్టపెట్టెలు ఎత్తుతున్నాడు. గోడౌన్ పని, ఆటో పని రెండూ అతనివే.

“మునిచంద్రన్నా, స్కానర్ యాడ?”

మునిచంద్ర పెట్టె కింద పెట్టి, బల్ల సొరుగు లాగి చూపించాడు. స్కానర్ వైరు చుట్టి, పాత క్యాలెండర్ల కింద పడి ఉంది.

“ఇదేంది, దీన్ని వాడడం లేదా?”

“అది అడగడం లేదు కదమ్మా ఇప్పుడు. బిల్లు కొడితే బ్యాచ్ అదే ఏసుకుంటాది. పాతది ముందు, కొత్తది ఎనక. మనం పెట్టె ఎత్తి ఇచ్చేయడమే.”

“ఎవరు తీయించినారు?”

“నువ్వే తీయించినావనుకున్నానే. మొదట్లో అది ఒకటే మోగుతా ఉండె గదా. నువ్వే గదమ్మా మిషన్ సరిలేదని ఆ సాఫ్ట్‌వేర్ సామిని తిట్టింది.”

తిట్టిన మాట నిజమే. పెట్టిన కొత్తలో స్కానర్ పొద్దున పూటంతా మోగుతూనే ఉండేది. ఆమె సంపత్కుమార్‌కు ఫోన్ చేసి, మిషన్‌ను బాగు చేయమని కసురుకుంది. కొన్నాళ్లకు మోగడం ఆగిపోయింది. బాగు చేశాడు గాబోలు అనుకుని ఆమె ఆ సంగతే మరిచిపోయింది.

“ఇప్పుడే రండి” అని మాత్రం సంపత్కుమార్‌కు ఫోన్‌లో చెప్పి పెట్టేసింది.

సంపత్కుమార్ స్కూటర్ మీద వచ్చేసరికి ఆమె గదిలో అటూ ఇటూ తిరుగుతోంది. ఆయన నుదుటి మీది నామం చెమటకు కాస్త చెదిరింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“స్కానింగ్ ఎందుకు తీసేసినారు?”

“మేడమ్, ముందు ఆ బాటిళ్ల సంగతి చూద్దాం.”

“చూసేదానికేముంది? మీ సాఫ్ట్‌వేర్ బంగారుపాళ్యం అంటుంది, ఆడ లేవు. ఇంకేం చూడాల? ఎందుకు తీసినారో చెప్పండి.”

“అడిగితే తీసినాను మేడమ్.”

“ఎవరడిగినారు? నేనడగలేదు. ఈ ఆఫీసులో నేనడిగింది ఆ ఒక్కటే, మీరు తీసేసింది కూడా ఆ ఒక్కటే.”

సంపత్కుమార్ చేతి గుడ్డతో మెడ తుడుచుకున్నాడు. “మీ దగ్గర అడిగినవన్నీ చేసినాను మేడమ్. బిల్లు పాత బిల్లు మాదిరే ఉండాలన్నారు, చేసినాను. అక్షరాలు పెద్దవి కావాలన్నారు...”

“పెద్దవా? స్క్రీన్ మీద నాలుగు లైన్లు పట్టవు. నల్ల తెర, పసుపు అక్షరాలు, చూస్తే నాకు తలనొప్పి. మౌస్ వద్దు, మీటలే ఉండాల. ఆ మీటలు కూడా పాత కంప్యూటర్‌లో ఎక్కడున్నాయో అక్కడే ఉండాల. ఒక్కొక్క దానికి మీరు వారాలు తీసుకున్నారు, మొదలుపెట్టడమే ఆలస్యమైంది. అవన్నీ నేనడిగినానా? మా నాయన అడిగినాడు. పెద్దాయన, అలవాటైన పద్ధతి వదలడం లేదని నేను పళ్లు బిగబట్టి ఒప్పుకున్నా.”

అంతవరకు చెప్పి నిస్సీ ఆగింది. సంపత్కుమార్ ఆమె వైపు కాక గోడౌన్ తలుపు వైపు చూస్తున్నాడు.

తలుపు పట్టుకుని ప్రేమానందం నిలబడి ఉన్నాడు. తెల్ల చొక్కా, జేబులో కళ్లజోడు. పొద్దున్నే మునిచంద్ర ఆటో తీసుకుని వెళ్లాక, మధ్యాహ్నం దాకా గోడౌన్‌లో పెట్టెలు తీసి ఇచ్చేది ఆయనే.

“నేనే తీయమన్నా” అన్నాడు. “ఆ సామినేమనొద్దు మే.”

“యాల నాయనా, ఎందుకు తీయమన్నావు?”

“ఊరికే మోగతా ఉంటే పని జరగతాదా? ఆడ అంగళ్లోళ్లు సరుకు రాలేదని ఫోన్ల మీద ఫోన్లు.”

“ఊరికే మోగదు. తప్పు బాక్సు పెడితేనే మోగతాది. దానికే కదా పెట్టించుకున్నది.”

“నువ్వు పుట్టకముందు నుంచి సేస్తా ఉండా ఈ పని. యా బాక్సు తీయాల్నో మిషన్ సెప్పాల్నా నాకు?”

నిస్సీకి ఒళ్లు మండింది. పొద్దున్నుంచి పట్టిన విసుగంతా గొంతులోకి వచ్చింది. అవతల పసిబిడ్డలు తాగే మందు ఎక్కడుందో తెలియడం లేదు, ఇవతల ఈయన అనుభవం గురించి చెబుతున్నాడు. గోడౌన్ నుంచి తెచ్చి పెట్టుకున్న సిరప్ బాటిల్ బల్ల మీద ఉంటే తీసి ఆయన చేతిలో పెట్టింది.

“అయితే దీని బ్యాచ్ ఎంతో చదివి చెప్పు.”

ప్రేమానందం బాటిల్‌ను ట్యూబ్‌లైట్ వైపు ఎత్తాడు. బొటనవేలితో లేబుల్ మీద ఒకసారి రాసి, కాస్త దూరంగా పట్టుకున్నాడు.

“ఇది ఆ బ్యాచ్ కాదులే” అన్నాడు.

బాటిల్ మూత కిందికి ఉంది. లేబుల్ మీది అక్షరాలన్నీ తలకిందులుగా ఉన్నాయి.

నిస్సీ దగ్గరికి జరిగింది. ఆయన ముఖంలోకి చూసింది. ఆయన బాటిల్ వైపే చూస్తున్నాడు, చదువుతున్న వాడిలాగే కళ్లు చికిలించి. ఆమె చేయి చాచి, ఆయన చేతిలోనే బాటిల్‌ను మెల్లగా నిటారుగా తిప్పింది.

ఆయనకు అర్థమైంది. ఎడమచేత్తో బల్ల అంచు తడుముకుని, బాటిల్‌ను అక్కడ ఆనించి పెట్టాడు. ఆ తడుముకోవడం ఆమె ఎన్నిసార్లు చూసి ఉంటుందో. కీళ్ల నొప్పి అనుకుంది.

“ఎన్నాళ్ల నుంచి నాయనా?”

“ఎడమ కన్ను పోయి శానా దినాలైంది. సుగర్‌దంట. కుడిది మసక. మనుషులు తెలస్తారు, గోడలు తెలస్తాయి. అచ్చరాలే అలుక్కపోతాయి.”

“డాక్టరు దగ్గరికి పోయినావా?”

“పోయినా. కంట్లో సూది ఎయ్యాలన్నారు. ఏసినా పోయింది రాదంట, ఉండేది నిలస్తాదంట. సూద్దాంలే అనుకున్నా.”

“అమ్మకు తెలుసా?”

“తెలీదు. ఈ సామికొకరికే.”

నిస్సీ సంపత్కుమార్ వైపు తిరిగింది. ఆయన తల వంచుకున్నాడు.

“నేర్పించిన రెండో రోజే తెలిసింది మేడమ్. నేను స్క్రీన్ మీద వేలు పెట్టి చూపిస్తే, సార్ నా వేలు చూడకుండా నా గొంతు వచ్చిన వైపు చూసినారు. అక్షరాలు పెద్దవి చేసినాను. రంగులు మార్చినాను. ఆయన వేళ్లకు అలవాటైన చోటనే మీటలు పెట్టినాను. అంతవరకు నాకు సంతోషంగానే ఉండింది. కానీ బాక్సుల మీది అక్షరాలు నేను పెద్దవి చేయలేను కదా. తప్పు బాక్సు తీసిన ప్రతిసారీ మోగేది. అందరూ మిషన్‌ను తిట్టినారు. ఒకరోజు సార్ నన్ను బయటికి పిలిచి, దాన్ని తీసేయి సామీ, ఎవరికీ చెప్పనని మాటివ్వు అన్నారు.”

“ఇచ్చేసినారా మాట?” నిస్సీ గొంతు పెరగలేదు, అదే ఎక్కువ భయంగా ఉంది. “ఇక్కడ ఉండేవి బిస్కెట్లు కాదు, మందులు. ఆయన దాచుకున్నాడంటే అర్థం చేసుకుంటా, ఆయన కన్ను, ఆయన బాధ. మీరెట్ల చేసినారు? తప్పు ఉందని చెప్పేది ఆ మిషన్ ఒక్కటే, దాని నోరు మూసేసినారు. అది చాలదన్నట్టు, అబద్ధం బ్యాచ్‌లు అదే వేసుకునేట్టు రాసినారు. అవి చూసుకునే కదా నేను పొద్దున కుర్చీలో వాలి కూర్చున్నది.”

“తప్పే మేడమ్.”

“కుదరదు అనే మాట మీ నోట రాదా?”

సంపత్కుమార్ తల ఎత్తాడు. “రాదు మేడమ్” అన్నాడు. “బెంగళూరు వాళ్లు కుదరదన్నారనే కదా మీరు నా దగ్గరికి వచ్చినారు. నేను కూడా అంటే మళ్లీ వాళ్ల దగ్గరికే పోతారు. నాకుండేది అదొక్కటే, అడిగింది చేయడం.”

మొదటి రోజు ఆయన అన్న ‘సరే మేడమ్, చేసేద్దాం’ నిస్సీకి గుర్తొచ్చింది. ఆ మాటే నచ్చి తెచ్చుకున్నది తనే. ఇప్పుడు దాని మీద కోపం తెచ్చుకోవడానికి కూడా తీరిక లేదు.

“మళ్లీ పెట్టాలంటే ఎంత సేపు?”

“పని లేదు మేడమ్. తీసేయలేదు, దాచిపెట్టినానంతే. ఎప్పుడో ఒకప్పుడు మీరు అడుగుతారని తెలుసు. ఒక్క టిక్కు పెడితే వచ్చేస్తుంది.”

ఆ ఒక్క టిక్కు మాట విని ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. “పెట్టండి” అంది.

ప్రేమానందం ఇంకా నిలబడే ఉన్నాడు. నిస్సీ కుర్చీ లాగి ఆయన చేతికి తగిలేలా పెట్టింది.

“కూర్చో నాయనా.”

“ఇందుకే సెప్పలా” అన్నాడాయన, కూర్చోకుండానే. “సెప్పింటే ఆ దినమే ఇట్ల కుర్చీ ఏసిందువు.”

రాత్రికి ఇంట్లో అమ్మ ముందర ఈ మాట ఎలాగూ వస్తుంది. ఇప్పుడు కావలసింది బాటిళ్లు. కంప్యూటర్ చెప్పేది నమ్మడానికి లేదు కాబట్టి ఒకటే దారి కనిపించింది. ఏ బ్యాచ్ అని చూడకుండా, ఆ సిరప్ తీసుకున్న ప్రతి అంగడికీ ఫోన్ చేయాలి. అమ్మకం ఆపమనాలి. బాటిల్ చేతిలో పట్టుకుని నంబరు చదివి చెప్పమనాలి. పాల్‌ను ఆ లైన్‌లోనే ఉండమంది. పుత్తూరు వైపు అంగళ్లు తను తీసుకుంది, చిత్తూరు టౌన్ సంపత్కుమార్‌కు ఇచ్చింది. ఆయన మారు మాట్లాడకుండా ఒక మూల కూర్చుని ఫోన్లు మొదలుపెట్టాడు. మునిచంద్ర గోడౌన్‌లో మిగిలిన సిరప్ పెట్టెలన్నీ దించి, స్కానర్ వైరు విప్పి ఒక్కొక్కటి కంప్యూటర్ లెక్కతో సరిచూస్తున్నాడు. చాలా రోజుల తర్వాత అది మళ్లీ మోగింది. మోగినప్పుడల్లా ప్రేమానందం ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

అంగళ్లవాళ్లు ఊరికే ఒప్పుకోలేదు. కొందరు తర్వాత చూస్తామన్నారు. ఒకాయన, మీ కంపెనీతో లావాదేవీలే వద్దన్నాడు. చిత్తూరులో ఒకావిడ మాత్రం ఆ బాటిల్ కొన్న ఇల్లు తనకు తెలుసని, తనే అంగడి మూసి ఆ వీధికి నడిచి పోయి వెనక్కి తెచ్చింది. ఎండ దిగే వేళకు చాలా బాటిళ్ల ఆచూకీ తేలింది. చిత్తూరులో కొన్ని, రోడ్డు పక్క ఊళ్లలో కొన్ని, గోడౌన్‌లోనే కొన్ని. అమ్ముడుపోయిన వాటిని ఎవరు కొన్నారో అంగళ్లవాళ్లకు గుర్తుంది, మనుషులు పోయి తెస్తున్నారు. అన్నీ కలుపుకున్నా కంపెనీ పంపినదానికి ఒక నిండు బాక్సు తక్కువ వచ్చింది.

“ఇంకోసారి చూడన్నా” అంది నిస్సీ.

“రెండు తూర్లు సూసినానమ్మా. లేదు.”

“బిల్లు లేకుండా ఈ గోడౌన్ నుంచి బాక్సు బయటికి పోదు కదా. యాడికి పోయింటాది?”

ఎప్పుడు కూర్చున్నాడో, ప్రేమానందం కుర్చీలో ముందుకు వంగి, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి ఉన్నాడు.

“పోయింది” అన్నాడు. “నేనిచ్చినా.”

“ఎవరికి?”

“నిన్న సాయంత్రం గ్రేసీ వచ్చినాది. పుత్తూరవతల పల్లెలో ఈ పొద్దు చర్చివాళ్ల మెడికల్ క్యాంపు ఉండాది, పిల్లోళ్లకు జ్వరాలు శానా ఉండాయి అన్నాది. డాక్టరొస్తాడంట, మందులు తక్కువగా ఉండాయంట. ధర్మానికి గదా, బిల్లెందుకులే అని చేతికందిన బాక్సు ఎత్తి ఇచ్చినా.”

“ఏ బ్యాచ్?” అని అడగబోయి నిస్సీ నోరు మూసుకుంది. ఆయనను అది అడిగి లాభం లేదు.

గ్రేసీ పుత్తూరు ఆసుపత్రిలో నర్సు. చర్చి పనులన్నింటిలో ముందుండే మనిషి. నిస్సీ ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. మూడోసారి గ్రేసీ ఎత్తింది.

“చెప్పక్కా. బస్సులో ఉన్నా, శబ్దంలో వినపడలా.”

“గ్రేసీ, నిన్న నాయన ఇచ్చిన సిరప్పు ఇంకా పంచలేదు కదా?”

“అయ్యో, పొద్దున్నే అయిపోయిందక్కా క్యాంపు. చుట్టూరా ఉండే పల్లెల నుంచి వచ్చినారు. మామిడి తోటల్లో పనికొచ్చిన కూలోళ్లు కూడా బిడ్డల్ని ఎత్తుకోనొచ్చినారు. డాక్టరు గారు శానా సంతోషపడినారు. నాయనకు చెప్పు, బాక్సంతా పంచేసినాం. ఎవరి దోవన వాళ్లు పోయినారు.”

“ఒక్కటి కూడా మిగల్లేదా?”

“ఒకటి పెట్టుకున్నా. మా పాపకు రాత్రి నుంచి ఒళ్లు కాలతా ఉండాది. ఇందాకే ఒక మూత తాపించినా. నా ఒళ్లోనే పండుకోనుండాది.”

గదిలో సంపత్కుమార్ ఫోన్ కింద పెట్టేశాడు. ప్రేమానందం మాట వినిపించే వైపు తల తిప్పి, కదలకుండా కూర్చున్నాడు.

“ఆ బాటిల్ తీ గ్రేసీ. లేబుల్ మీద బ్యాచ్ నంబరు ఉంటాది, చివరి మూడంకెలు చదువు.”

సంచీ తీసిన చప్పుడు, కండక్టరు ఏదో అరుస్తున్న చప్పుడు. తర్వాత గ్రేసీ గొంతు, కాస్త నిద్రమత్తుగా, ఏ అనుమానమూ లేకుండా వచ్చింది.

“నాలుగు... ఒకటి... ఏడు. ఏమక్కా, యాల అడగతా ఉండావు?”